ఓర్తా సరస్సు: చరిత్ర, ప్రకృతి, పునర్జీవనం

ఒక ఊరి చరిత్రను వ్రాయువారు సాధారణంగా రాజులతో, యుద్ధాలతో, కట్టడాలతో మొదలుపెట్టుదురు. ఆ ఊరికి ఆధారమైన నీటి చరిత్రను వ్రాయువారు తక్కువ. ఇటలీ దేశపు ఉత్తర భాగాన ఒక చిన్న సరస్సు ఒడ్డున ఉన్న ఓర్తా సాన్ జూలియో అను పట్టణం విషయంలో ఈ రెండు చరిత్రలను విడదీసి చదువుటకు వీలు లేదు. పదహారు వందల సంవత్సరాల సంప్రదాయం గల ఆ పట్టణం ముందున్న సరస్సు ఇరవయ్యవ శతాబ్దంలో రెండు మూడు సంవత్సరాల వ్యవధిలో నిర్జీవమైనది. దానిని తిరిగి బ్రతికించుటకు అరువది సంవత్సరాలకు పైగా పట్టినది. ఈ మరణానికి, ఈ పునర్జీవనానికి కారణాలేమిటో తెలిసికొనుట చరిత్ర విద్యార్థికి ఎంత అవసరమో, రసాయన శాస్త్ర విద్యార్థికి కూడ అంతే అవసరం. ముందుగా ఆ ప్రదేశపు నైసర్గిక స్వరూపాన్ని పరిశీలింతము.

నైసర్గిక స్వరూపం

మన ప్రాంతంలో చెరువు అనగా మనుష్యులు కట్ట పోసి నీరు నిలిపినది. ఓర్తా సరస్సు అట్టిది కాదు. అది ప్రకృతి నిర్మించినది. ఆల్ప్స్ పర్వతాల నుండి పూర్వం మహా హిమానీనదాలు దిగివచ్చినవి. వాటిలో తోచే నదీలోయ గుండా దిగిన హిమానీనదపు ఒక శాఖ ఇక్కడి నేలను లోతుగా తొలిచినది. మంచు కరగి వెనుకకు తగ్గినప్పుడు, అది మోసికొని వచ్చిన మట్టి, రాళ్లు దక్షిణపు కొసన గుట్టలుగా మిగిలిపోయినవి. తొలిచిన పల్లంలో నీరు నిండి సరస్సు ఏర్పడినది.

ఈ సరస్సు ఉత్తర దక్షిణాలుగా సుమారు 13 కిలోమీటర్ల పొడవున వ్యాపించియున్నది. దీని వైశాల్యం 18 చదరపు కిలోమీటర్లు. సముద్రమట్టం నుండి ఎత్తు 290 మీటర్లు. గరిష్ఠమైన లోతు 143 మీటర్లు. వైశాల్యంలో చిన్నదైనను లోతులో చిన్నది కాదు. ఇందులోని నీటి పరిమాణం సుమారు 130 కోట్ల ఘనపు మీటర్లు.

ఈ సరస్సుకు ఒక విశేషం కలదు. ఇటలీలోని మజ్జోరే, కోమో, గార్దా వంటి పెద్ద సరస్సుల నీరు పర్వతాలను విడిచి దక్షిణాన మైదానం వైపు పోవును. ఓర్తా సరస్సుకు మాత్రం దక్షిణాన హిమానీనదం విడిచిన గుట్టలు అడ్డుగా నిలిచినవి. కాబట్టి దీని నీరు ఉత్తర కొసన ఉన్న ఒమేన్యా పట్టణం నడుమ నిగోలియా అను చిన్న ఏరుగా బయలుదేరి, పర్వతాల వైపే ప్రవహించును. తరువాత స్త్రోనా, తోచే నదులలో కలిసి, మజ్జోరే సరస్సు చేరి, అక్కడి నుండి తిచీనో, పో నదుల ద్వారా ఆడ్రియాటిక్ సముద్రంలో కలియును. తమ ఏరు ఎగువకు పారును గనుక తమ శాసనం తామే చేసికొందుమని ఒమేన్యా వాసులు సగర్వంగా చెప్పుకొనుట పరిపాటి.

తూర్పున 1,491 మీటర్ల ఎత్తైన మొత్తరోనె పర్వతం ఈ సరస్సును మజ్జోరే సరస్సు నుండి వేరు చేయుచున్నది. పడమటి గట్టున తెల్లని గ్రానైట్ కొండలు, రాతి గనులు కలవు. కొండవాలులందు చెస్ట్‌నట్ అడవులు దట్టంగా పెరుగును. చుట్టుప్రక్కల రాళ్లలో గ్రానైట్ జాతి అధికం, సున్నపు అంశ స్వల్పం. ఈ చిన్న విషయాన్ని పాఠకులు గుర్తుంచుకొనవలెను. దీని ప్రాముఖ్యం ముందు తెలియగలదు.

ద్వీపం, పట్టణం

తూర్పు గట్టు నుండి సరస్సులోనికి చొచ్చుకొని వచ్చిన భూభాగం మీద ఓర్తా పట్టణం వెలసినది. జనాభా వేయికి కొంచెము పైన మాత్రమే. పట్టణానికి ఎదురుగా, సుమారు 400 మీటర్ల దూరంలో, సాన్ జూలియో ద్వీపం కలదు. దాని పొడవు 300 మీటర్లు కూడ లేదు. కాని ఈ ప్రాంతపు చరిత్ర అంతయు ఆ ద్వీపం నుండే ఆరంభమగును.

నాల్గవ శతాబ్దపు చివర గ్రీసు దేశంలోని ఎయిజీనా ద్వీపం నుండి జూలియస్, జూలియన్ అను అన్నదమ్ములు ఇక్కడకు వచ్చి క్రైస్తవ మత ప్రచారం చేసినారని ఐతిహ్యం. వారు నూరు దేవాలయాలు కట్టుటకు పూనుకొనగా, తొంభైతొమ్మిదవది దక్షిణాన గొజ్జానోలో జూలియన్ కట్టినాడట. నూరవ దానికై జూలియస్ ఈ ద్వీపాన్ని ఎన్నుకొన్నాడట. సర్పాలకు భయపడి పడవవారెవ్వరు రాకపోగా, తన ఉత్తరీయాన్ని నీటిపై పరచి దానిమీద దాటిపోయినాడని జనులు చెప్పుదురు. నేడు ఆ స్థలంలో ఉన్న ప్రాచీన దేవాలయంలో, ఒడ్డునే ఉన్న ఓయిరా గ్రామపు నల్లని పచ్చరాతితో 12వ శతాబ్దంలో చెక్కిన ఉపన్యాస వేదిక శిల్పకళకు ప్రసిద్ధి చెందినది.

ఐతిహ్యం అట్లుండగా, లిఖిత చరిత్ర కఠినమైనది. చుట్టును లోతైన నీరుండుట చేత ఈ ద్వీపం సహజమైన కోటగా ఉపయోగపడినది. ఇక్కడి లాంబార్డ్ నాయకుడు మిముల్ఫ్ శత్రువులైన ఫ్రాంకులకు లోబడినాడన్న నేరంపై 590లో రాజు ఆగిలుల్ఫ్ అతని శిరచ్ఛేదం చేయించినాడు. 962లో జర్మన్ రాజైన మొదటి ఓటో ఇటలీపై దండెత్తినప్పుడు, ఇటలీ రాజు రెండవ బెరెంగార్ భార్య రాణి విల్లా ఈ ద్వీపంలో తలదాచుకొని సుమారు రెండు నెలలు ముట్టడిని ఎదిరించి, చివరకు లొంగిపోయినది. ఆ ముట్టడి కాలంలోనే కోటలో ఒక శిశువు జన్మించినాడు. అతడే తరువాతి కాలంలో ఫ్రాన్సు దేశపు మఠాలను సంస్కరించి ప్రఖ్యాతి గాంచిన గుల్యెల్మో ద వొల్పియానో.

పిదప ఈ సరస్సు తీరం నొవారా నగరపు బిషప్పుల పాలనలోనికి వచ్చినది. 1219లో కుదిరిన ఒప్పందంతో వారి అధికారం స్థిరపడి, 1767లో సవాయ్ రాజవంశానికి సంక్రమించువరకు అయిదు శతాబ్దాలకు పైగా కొనసాగినది. ఇది ఒక విధంగా చిన్న స్వతంత్ర రాజ్యమే. ప్రజలు తమ పెద్దలను ఎన్నుకొని సభ జరుపుకొనుటకు 1582లో సరస్సు ఒడ్డునే ఒక సభాభవనం కట్టుకొన్నారు. స్తంభాలపై నిలిచిన ఆ భవనంలో క్రింద అంగడి, పైన సభ. చిన్న పట్టణపు పౌరజీవితానికి అది నేటికిని సాక్షి.

పవిత్ర పర్వతం, పెక్కుమంది అతిథులు

పట్టణానికి పైన ఉన్న కొండమీద 1590 ప్రాంతంలో నిర్మాణం ఆరంభమైన చిన్న మందిరాల వరుస కలదు. దీనిని సాక్రో మొంతె, అనగా పవిత్ర పర్వతం, అందురు. అస్సీసీ నగరానికి చెందిన సాధువు ఫ్రాన్సిస్ జీవిత ఘట్టాలను ఇరువది మందిరాలలో, నిలువెత్తు మట్టి బొమ్మలతో, కుడ్యచిత్రాలతో చూపినారు. బొమ్మల సంఖ్య 376. చదువురాని రైతులకు ఇది కొండమీద తెరచియుంచిన గ్రంథమని చెప్పవచ్చును. ఈ నిర్మాణం రెండు శతాబ్దాలపాటు సాగుటచేత, ఒకే కొండమీద మూడు నాలుగు కాలాల శిల్పశైలులు కనిపించును. 2003లో యునెస్కో సంస్థ ఈ పర్వతాన్ని, ఇటువంటి మరి ఎనిమిది పర్వతాలతో కలిపి, ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినది.

1882 మే నెలలో జర్మన్ తత్త్వవేత్త నీచే, రచయిత్రి లూ సలోమేతో కలిసి ఈ కొండమీద విహరించినాడు. బాలసాహిత్యానికి 1970లో ఆండర్సన్ బహుమానం పొందిన జాన్ని రొదారి 1920లో ఒమేన్యాలో జన్మించినాడు. 1978లో వెలువడిన తన కథలలో ఒకదానికి ఈ ద్వీపాన్నే రంగస్థలంగా గైకొన్నాడు. మన విద్యార్థులకు ఇంకొక కట్టడం ఆసక్తి కలిగించగలదు. పత్తి పరిశ్రమలో ధనార్జన చేసిన క్రెస్పి అను వర్తకుడు, తూర్పు దేశాల ఇస్లామీయ శిల్పానికి ముగ్ధుడై, 1879లో ఓర్తాలో మీనారుతో, గుర్రపు నాడా వంటి కమానులతో, సన్నని జాలీ పనితనంతో ఒక భవనం కట్టించినాడు. ఆల్ప్స్ పర్వతాల పాదంలో మీనారు కనుపించుట చూపరులకు నేటికిని వింతయే.

కృత్రిమ పట్టు కర్మాగారం

ఇంతవరకు చెప్పిన చరిత్ర అంతయు ఒడ్డున జరిగినది. నీటిలో జరిగిన చరిత్ర 1926లో ఆరంభమైనది. ఆ సంవత్సరం దక్షిణ కొసన, నూరు దేవాలయాల కథలో మనము విన్న గొజ్జానోలోనే, బెంబెర్గ్ కృత్రిమ పట్టు కర్మాగారం పని మొదలుపెట్టినది.

పత్తి గింజకు అంటుకొని మిగిలే పొట్టి నూగును రాగి, అమోనియా కలిసిన ద్రావణంలో కరగించి, దానిని సన్నని రంధ్రాల గుండా నీటిలోనికి వదలి దారం తీయుదురు. దారం పట్టువలె మెరయును. ఈ పనికి పరిశుభ్రమైన నీరు విస్తారంగా కావలెను. సరస్సు ప్రక్కనే ఉన్నది. పని ముగిసిన పిదప మిగిలిన నీటిలో రాగి లవణాలు, అమోనియం సల్ఫేటు ఉండును. దానిని పోయుటకు కూడ సరస్సే దగ్గర. ఆ కాలంలో దీనిని తప్పని ఎంచినవారు అరుదు. కర్మాగారం వందలమందికి జీవనాధారమైనది.

రాగి మనకు కొద్దిపాటి మోతాదులో అవసరమైనదే కాని, నీటిలోని సూక్ష్మమైన శైవలాలకు అది తీవ్రమైన విషం. ముందుగా ఆ శైవలాలు నశించినవి. వాటిని తిని బ్రతికే సూక్ష్మజీవులు పిదప నశించినవి. వాటిపై ఆధారపడిన చేపలు తరువాత పోయినవి. జీవశాస్త్రజ్ఞురాలు రీనా మోంతి ఈ వినాశాన్ని దశలవారీగా పరిశీలించి 1930లో ప్రకటించినది. ఇటలీ రాజ్యంలో విశ్వవిద్యాలయ ఆచార్య పదవి పొందిన మొదటి మహిళ ఆమెయే. కర్మాగారానికి పూర్వం సరస్సులో ఏయే జీవులుండెనో శాస్త్రజ్ఞులు ముందే నమోదు చేసియుండుట వలననే ఈ నష్టాన్ని నిరూపించుట సాధ్యమైనది. ఆ నమోదు లేకయుండినచో, ఈ సరస్సు ఎప్పుడును ఇట్లే ఉండెనని ఎవరైనను వాదించియుండవచ్చును.

1958లో కర్మాగారం రాగిని తిరిగి రాబట్టుకొను ఏర్పాటు చేసినది; నీటిలోనికి పోవు రాగి చాల తగ్గినది. కాని అమోనియం ఆగలేదు. ఇంతలో తీరప్రాంతంలో కుళాయిలు, వంటపాత్రలు, లోహపు సామాను చేయు పరిశ్రమలు పెరిగినవి. ఒమేన్యా ప్రాంతం వంటపాత్రల తయారీకి ఇటలీ అంతట పేరుపొందినది. ప్రతి ఇటాలియన్ ఇంటిలో కనిపించు ఎనిమిది పలకల కాఫీ పాత్ర 1933లో ఇక్కడనే పుట్టినది. లోహాలకు పూత వేయు పనిశాలల నుండి క్రోమియం, నికెల్, జింకు లవణాలు కూడ సరస్సు చేరినవి.

సరస్సు ఎందుకు ఎదిరించలేకపోయినది?

అమోనియం స్వయంగా ఆమ్లం వంటిది కాదు గదా, దాని వలన ఇంత కీడెట్లు కలిగినదని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. నీటిలోని కొన్ని బాక్టీరియాలు అమోనియంను నైట్రేటుగా మార్చును. ఒక్కొక్క అమోనియం అయానుకు రెండు ఆక్సిజన్ అణువులు ఖర్చగును. రెండు హైడ్రోజన్ అయానులు విడుదలగును. అనగా ఒకే చర్యలో రెండు నష్టాలు: లోతు నీటిలోని ఆక్సిజన్ తరుగును, ఆమ్లత పెరుగును. ఈ చర్య దశాబ్దాలపాటు సాగగా, తటస్థంగా 7 ప్రాంతంలో ఉండవలసిన పి.హెచ్. విలువ 4 ప్రాంతానికి పడిపోయినది. పి.హెచ్.లో ఒక్క అంకె తగ్గినచో ఆమ్లత పది రెట్లగును. మూడు అంకెలు తగ్గుట అనగా వేయి రెట్లు. ఆమ్లజలంలో లోహాలు అడుగుకు చేరక కరగియే ఉండును గనుక వాటి విషం మరింత తీవ్రమైనది.

ఇచ్చటనే నైసర్గిక స్వరూపాన్ని తిరిగి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. సున్నపురాతి నేలలలోని సరస్సు కొంత ఆమ్లాన్ని తానే విరిచివేయగలదు. గ్రానైట్ కొండల నడుమ ఉన్న ఓర్తాకు ఆ శక్తి స్వల్పం. రెండవది, కర్మాగారం దక్షిణాన ఉన్నది. నీరు బయటకు పోవు దారి ఉత్తరాన ఉన్నది. కాబట్టి చేరిన ప్రతి మలినం సరస్సు పొడవంతయు ప్రయాణింపవలసి వచ్చినది. మూడవది, లోతు ఎక్కువ, బయటకు పారు నీరు తక్కువ. సరస్సులోని నీరంతయు మారుటకు సుమారు తొమ్మిది, పది సంవత్సరాలు పట్టును. ఏ లక్షణాలు ఆ నీటికి నిశ్చలమైన సౌందర్యాన్ని ఇచ్చినవో, ఆ లక్షణాలే దానిని నిస్సహాయంగా చేసినవి. ఒక కర్మాగారాన్ని ఎక్కడ పెట్టవలెనను ప్రశ్నకు భూగోళ శాస్త్రం కూడ సమాధానం చెప్పవలసియుండునని దీనివలన తెలియుచున్నది.

చికిత్స

1976లో ఇటలీ ప్రభుత్వం జల కాలుష్య నివారణకు శాసనం చేసినది. ఆ తరువాత 1980, 1981 సంవత్సరాలలో కర్మాగారం అమోనియంను తొలగించు ఏర్పాటు చేసికొన్నది. అంతటితో కొత్త మలినం చాలవరకు ఆగినది. కాని అప్పటికే నీటిలో చేరిన అమోనియం, ఆమ్లం, లోహాలు అట్లే ఉన్నవి. సరస్సును దాని మానాన విడిచిపెట్టినచో అది కోలుకొనుటకు ఇంకను చాల సంవత్సరాలు పట్టునని లెక్కలు తేల్చినవి.

మజ్జోరే సరస్సు తీరాన పల్లాంజాలో 1938లో స్థాపింపబడిన జలజీవశాస్త్ర సంస్థ శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా ఓర్తా నీటిని కొలుచుచుండిరి. వారు ఒక సరళమైన చికిత్స సూచించినారు. నేల ఇవ్వలేని సున్నాన్ని మనుష్యులే ఇయ్యవలెను. 1989 మే నుండి 1990 జూన్ వరకు, మెత్తగా పొడిచేసిన సున్నపురాతిని నీటితో కలిపి, పడవ నుండి సరస్సు మీద చల్లినారు. మొత్తం మీద సుమారు 11 వేల టన్నుల సున్నపురాయి పట్టినది. లెక్కించి చూచినచో ఇది ఘనపు మీటరు నీటికి ఎనిమిది గ్రాములకు కొంచెము పైన. వైద్యుడు మందు తూచినట్లు తూచి ఇచ్చిన మోతాదు అది.

ఫలితం త్వరలోనే కనిపించినది. ఆమ్లత విరిగినది, కరగియున్న లోహాలు క్రమంగా అడుగుకు చేరినవి, మిగిలిన అమోనియం నైట్రేటుగా మారిపోయినది. శైవలాలు, సూక్ష్మజీవులు, పిదప చేపలు ఒక్కొక్కటిగా తిరిగి వచ్చినవి. ఇంత పెద్ద సరస్సును సున్నంతో బ్రతికించుట ప్రపంచంలో అరుదైన ప్రయోగం. గొజ్జానోలోని కర్మాగారం 2009లో మూతపడినది. ఇప్పుడు ఓర్తాకు వచ్చు యాత్రికులు స్వచ్ఛమైన నీటిని చూచి, ఇది ఎన్నడును మలినపడియుండెనని ఊహింపలేరు.

కాని శాస్త్రజ్ఞులు పూర్ణవిజయమని ప్రకటింపలేదు. దశాబ్దాలపాటు చేరిన రాగి మొదలగు లోహాలు అడుగు బురదలో నేటికిని ఉన్నవి. పూర్వం నివసించిన జీవులన్నియు తిరిగి రాలేదు. నీటిని వడగట్టు గుణం గల ఆలిచిప్పలను మరల ప్రవేశపెట్టుటకు ప్రయత్నాలు జరిగినవి. బ్రతికినది సరస్సే, కాని 1926కు పూర్వపు సరస్సు కాదు.

ఈ చరిత్ర బోధించునది

ఓర్తా చరిత్రలో మనము మూడు కాలపరిమాణాలను చూచితిమి. హిమానీనదం ఆ పల్లాన్ని తొలుచుటకు వేల సంవత్సరాలు పట్టినవి. మనుష్యులు దాని ఒడ్డున దేవాలయాలను, సభను, పవిత్ర పర్వతాన్ని నిర్మించుకొనుటకు వందల సంవత్సరాలు పట్టినవి. దానిని నిర్జీవం చేయుటకు పట్టినవి రెండు మూడు సంవత్సరాలు. ఈ మూడింటిని ప్రక్కప్రక్కన ఉంచి చూచినవారికి వేరే ఉపదేశం అక్కరలేదు.

అయినను ఒక్క మాట చెప్పవలసియున్నది. ఈ సరస్సును బ్రతికించినది కేవలం సున్నం కాదు. మూడు తరాల శాస్త్రజ్ఞులు ఏటేటా నీటిని తీసి, కొలిచి, అంకెలు వ్రాసిపెట్టినారు. ప్రయోజనం కనిపించని కాలంలో కూడ ఆ పని మానలేదు. ఆ అంకెలు లేకున్న రోగం ఏదో తెలియదు, మందు ఎంతో తెలియదు. విద్యార్థులు ప్రయోగశాలలో చేయు నిత్యపు కొలతలు విసుగు కలిగించునప్పుడు ఈ విషయం జ్ఞాపకం చేసికొనవలెను. తమ ఊరి నీటిని నేడు కొలిచి వ్రాసిపెట్టిన విద్యార్థి, తాను ఎన్నడును చూడని ఒక తరానికి ఉపకారం చేసినవాడగును.